జీపు తల ఊపితే

మా ధర్మసాగర్ చెరువు పక్కన పొలాలకు వెళ్ళే పాత జీపులు ఇంకా ఉన్నాయి. మహీంద్రావారు విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టిన నాటినుంచీ ఈ బండి తీరు ఒక్కటే: ముందు చక్రాలు రెంటికీ ఒకే ఇరుసు, దానికి కమాను కట్టలు. ఒక చక్రం గుంతలో పడితే రెండోదానికీ తెలుస్తుంది.

కాస్త వేగం అందుకోగానే స్టీరింగు గడగడా వణికిందనుకోండి. మేస్త్రీ "పెట్టె మార్చాలండీ" అంటాడు. తొందరపడకండి. ముందు టైర్లలో గాలి చూడండి. తర్వాత ఇంజను ఆపి, ఇంట్లో ఒకరిని స్టీరింగు అటూ ఇటూ ఆడించమని, మీరు వంగి చూడండి. ఏ కీలు వదులుగా ఆడుతోందో అదే దొంగ. కమాను బుష్షులూ చూడండి. జాకీమీద లేపిన చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే బేరింగు, కింగ్‌పిన్ను అరుగుదల తెలుస్తుంది. ఇవేవీ చూడకుండా డాంపరు బిగించడం చలిజ్వరానికి దుప్పటి కప్పడమే!

బ్రేకు సంగతి వేరు. అక్కడ వాయిదా పనికిరాదు. తొక్కితే బండి కుడికి లాగిందా? ముందు ఎడమ డ్రమ్ము విప్పించండి. సిలిండరు కారి లైనింగు తడిసి ఉండవచ్చు. రెండు మూడుసార్లు తొక్కితేగాని పట్టకపోతే గొట్టాల్లో గాలి చేరిందేమో, లైనింగు అరిగిందేమో చూడాలి. చెరువు గట్టుమీద బండి జానెడు పక్కకు లాగినా చాలు. ఆ పని పూర్తయ్యేదాకా వెనకసీట్లో పిల్లల్ని ఎక్కించకండి.