చీమకో చల్లని గూడు

వంటింట్లో చీమల బారు కనిపిస్తే చాలు, పాలగిన్నె కింద నీళ్ల పళ్లెం చేరిపోతుంది. అదే ఇంటి వాకిట్లో మాత్రం బియ్యప్పిండితో ముగ్గేసి, చీమలకింత తిండి పెట్టామని సంబరపడతారు. ఇంకొందరు మరో అడుగు ముందుకేసి, చీమలకు ఇంట్లోనే గూడు కట్టి పెంచుకుంటారు.

ఇదేం కొత్త సరదా కాదు. ఇంగ్లండుకు చెందిన సర్ జాన్ లబ్బక్ రెండు గాజుపలకల మధ్య పల్చగా మట్టి పోసి చీమల్ని పెంచాడు. చూసినవన్నీ రాసుకుని 1882లో పుస్తకమే వేశాడు. ఫ్రాన్స్‌లో షార్ల్ జానే ప్లాస్టర్‌తో గూళ్లు చేశాడు. 1900లో పారిస్ ప్రదర్శనకు వచ్చినవాళ్లు వాటిని వింతగా చూశారు.

మరి మన దగ్గర? రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆదిలాబాద్‌లో డిసెంబరు చలి ఒక్కోసారి 5 డిగ్రీల కిందికి దిగుతుంది. అయినా చీమ బతికేస్తోందంటే కారణం మట్టే. పైన కాలితే లోతుకు దిగుతుంది, వెచ్చదనం కావాలంటే పైకి వస్తుంది. చీమకు కావాల్సినవి మూడే: చీకటి, తేమ, ఇరుకు. విశాలంగా ఉంటేనే సుఖం అన్నది మనుషుల లెక్క!

తొలకరి వానలు పడ్డాక రెక్కల చీమలు బయటికొస్తాయి. దీపం చుట్టూ మూగే ఉసిళ్లు మాత్రం చీమలు కావు, చెదపురుగులు. వాటి నాలుగు రెక్కలూ ఒకే పొడవుంటాయి. చీమకు ముందు రెక్కలు పెద్దవి, నడుము సన్నం, మీసాలు మోచేతిలా వంగి ఉంటాయి. జతకట్టాక రెక్కలు రాల్చేసి, నేల మీద చోటు వెతుక్కుంటూ తిరిగే గండుచీమ రాణి దొరికితే పెంపకం మొదలుపెట్టొచ్చు.

దానికి తొలి గూడు ఓ గాజు గొట్టం. మూడోవంతు నీళ్లు పోసి, నీటిని తాకేలా దూదిని బిగించాలి. ఇవతలి భాగంలో రాణిని వదిలి, మూతి దగ్గర ఇంకో దూది ఉండ పెట్టాలి. గొట్టాన్ని బీరువాలో చీకట్లో ఉంచాలి. తిండి అక్కర్లేదు. ఇక పనిలేని రెక్కల కండరాలు కరిగి, ఆ శక్తితోనే రాణి తొలి పిల్లల్ని సాకుతుంది. అసలు పరీక్ష ఇంట్లోవాళ్లకే! గంటకోసారి తీసి చూస్తే బెదిరిన రాణి తన గుడ్లను తనే తినేస్తుంది. వారానికోసారి చూస్తే చాలు. సుమారు నెలన్నర, రెండు నెలలకు తొలి కూలిచీమలు కనిపిస్తాయి. అప్పట్నుంచి తేనెచుక్క, చచ్చిన ఈగ పెట్టాలి. మందు కొట్టి చంపిన ఈగ మాత్రం వద్దు.

సంసారం పెరిగాక పెద్ద ఇల్లు కావాలి. పుట్టను చేత్తో చేయడం ఈ నేలకు కొత్త కాదు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశపు ఆడపడుచులు, అల్లుళ్లు మట్టితో పుట్టలు చేయడం ఆచారం. ఇంట్లో అయితే గాజుపలక మీద గదులు, దారుల ఆకారంలో బంకమట్టి అద్ది, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయాలి. గట్టిపడ్డాక మట్టి తీసేసి, కొన్నాళ్లు బాగా ఆరబెట్టాలి. లేదంటే బూజు పడుతుంది. తర్వాత గాజుపలకతో మూసేయాలి. ఒక చివర మాత్రమే తడపాలి. తడి ఎక్కడ కావాలో, పొడి ఎక్కడ కావాలో చీమలే చూసుకుంటాయి. మేతకు ఓ డబ్బా జోడించి, అంచు లోపలివైపు వ్యాజ్‌లైన్ రాయాలి. వాటిని దులిపి కొత్తింట్లో పడేయకూడదు. పాత గొట్టాన్ని కొత్త గూటికి కలిపి, వెలుతురులో ఉంచితే గుడ్లను నోట కరుచుకుని అవే తరలిపోతాయి.

అన్ని చీమలూ ఈ ఇంటికి ఒప్పుకోవు. జగిత్యాల మామిడి తోటల్లో ఆకులు కలిపి గూడల్లే ఎర్రచీమలకు చెట్టే ఇల్లు. చెన్నూరు, మహదేవ్‌పూర్ దసలిపట్టు రైతులకు అవి పురుగుల్ని తినేసే శత్రువులు. కవ్వాల్ అభయారణ్యంలోంచి అనుమతి లేకుండా ఏ జీవినీ తేకూడదు. ఎక్కడైనా సరే, ఉన్న గూడు తవ్వి రాణిని తీయడం పాపమే. ఒక్క రాణి మీదే నడిచే గూడు, ఆమె పోతే మెల్లగా అంతరించిపోతుంది.

యూరప్‌లో పెంపకంలో ఉన్న ఒక నల్లచీమ రాణి 28 ఏళ్లకు పైగా బతికింది. ఈ ఏడు మొదలుపెట్టిన బడిపిల్లాడు ఉద్యోగానికి వెళ్లేనాటికీ రాణి బతికే ఉండొచ్చు. అంత ఓపిక ఉందా అని ముందే ఆలోచించుకోవాలి. ఉంటే, మే నెలలో గూటిని శ్లాబు వేడి తగలని చోట, మంచినీళ్ల కుండ పక్కన నేల మీద పెట్టండి. తడి ఆరకుండా రోజూ ఒకసారి చూడండి. లేదంటే వాకిట్లో ముగ్గు దగ్గరే కూర్చుని చూసినా బోలెడు కాలక్షేపం!