వినిపిస్తోంది, అర్థం కావట్లేదు!

రాత్రి ఏ తెలుగు న్యూస్ చానల్ పెట్టినా నాలుగు బాక్సుల్లో నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటారు. వెనక మ్యూజిక్, కింద స్క్రోలింగ్. ఇంట్లో పెద్దవాళ్లు కాసేపు సౌండ్ పెంచి చూస్తారు, తర్వాత సీరియల్‌కి మార్చేస్తారు. ‘ఈ వయసులో వాళ్లకి డిబేట్లు ఎందుకులే’ అనేస్తాం. పింఛన్లు, వైద్యం, భూముల పాస్‌పుస్తకాలు... చర్చ సగం వాళ్ల గురించే కదా!

వయసుతో వచ్చే వినికిడి లోపంలో సాధారణంగా ముందు తగ్గేది హైపిచ్ శబ్దాలే. అచ్చులు వినిపిస్తాయి, స, శ, త లాంటి హల్లులు జారిపోతాయి. వాల్యూమ్ పెంచితే మాటతో పాటు గోలా పెరుగుతుంది. వాళ్లకు కావాల్సింది తెర మీద క్యాప్షన్, పక్కన మాట్లాడేవాళ్ల పేరు.

ఇదేం దయ కాదు. వినికిడి లోపం ఉన్నవారికి టీవీ కార్యక్రమాలు అందుబాటులో ఉండాలని దివ్యాంగుల హక్కుల చట్టం (2016) చెబుతోంది. 2019లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ ప్రమాణాలూ ఇచ్చింది. అయినా తెలుగు డిబేట్లలో క్యాప్షన్లు కనిపించడం అరుదు.

ఉద్యోగం వెతుక్కునేవాళ్లు చూడాల్సింది ఇక్కడే. మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌కి తెలుగు డిబేట్ పెద్ద పరీక్ష. వాక్యంలో సగం ఇంగ్లిష్, ఒకరిది తెలంగాణ యాస, ఇంకొకరిది సీమ యాస, పైగా సంధులతో అతుక్కుపోయే మాటలు. అక్షరాలు వచ్చాక మరో తంటా: లైన్ల మధ్య చోటు తగ్గితే ఒత్తులు నలిగిపోతాయి, పెద్దవాళ్లకి అసలు కనపడవు. ఇవి తెలుగు చదివేవాళ్లకే తట్టే లోపాలు. క్యాప్షన్ ఎడిటింగ్, యాక్సెసబిలిటీ టెస్టింగ్, యూఎక్స్ రీసెర్చ్‌లలో ఆ కన్నే కావాలి. ఆసక్తి ఉంటే డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, చదవండి.

ఫైనలియర్‌లో అందరూ చేసే చాట్‌బాట్ ప్రాజెక్టే మళ్లీ చేయడం కన్నా ఇది మేలని నా అభిప్రాయం. పది నిమిషాల డిబేట్ క్లిప్‌కి క్యాప్షన్లు పెట్టి, మీ వీధిలో ఐదుగురు పెద్దవాళ్లకి చూపించండి. ఫోన్ లాక్కుని మీరే నొక్కేయకండి. ఎక్కడ ఆగారు, ఏ మాట తప్పు చదివారు, ఎప్పుడు విసుక్కున్నారు... రాసుకోండి. ఇంటర్వ్యూలో ‘యూజర్స్‌తో టెస్ట్ చేశారా?’ అంటే ఆ కాగితం తీసి చూపించొచ్చు.