రెండు రోజుల నిష్ఠ

గవర్నర్‌పేటలో పొద్దున్నే రక్తపరీక్షల ల్యాబు ముందు కాసేపు కూర్చుంటే మనుషుల గురించి చాలా తెలుస్తుంది. పరగడుపున వచ్చినవారంతా బుద్ధిమంతులే. నిన్న రాత్రి రెండు పుల్కాలు, కాస్త మజ్జిగ. మొన్నా అంతే. అటు మొన్నటి సంగతి మాత్రం ఎవరూ అడగకూడదు!

మేమూ ఆ వరుసలోని వాళ్ళమే కాబట్టి దాపరికం లేకుండా చెబుతున్నాం. షుగర్ పరీక్ష దగ్గరపడిందంటే మా ఇంట్లో బందరు లడ్డూల డబ్బా అటకెక్కుతుంది. కంచంలో అన్నం సగమవుతుంది. ఏడాదంతా కదలని కాళ్ళు తెల్లవారకుండానే కాలువ గట్టు పడతాయి. మంత్రిగారు వస్తున్నారంటే రాత్రికి రాత్రి రోడ్డుకు తారు పడ్డట్టే. రిపోర్టు బాగుందని తెలిసిన సాయంత్రమే బెసెంట్ రోడ్డు వైపు వెళ్ళి, ఆ సంతోషంలో మిఠాయి కొనుక్కున్న రోజులూ ఉన్నాయి.

ఇంతకీ మోసపోయిందెవరు? డాక్టరుగారు ఆ అంకె చూసే మందు మోతాదు నిర్ణయిస్తారు. మనం తెచ్చిపెట్టుకున్న అంకెను నమ్మి పాత మాత్రే కొనసాగించమంటారు. ఈలోగా కళ్ళు, మూత్రపిండాలు, పాదాల నరాలు చప్పుడు లేకుండా దెబ్బతింటూ ఉంటాయి.

మన నాటకం సాగని పరీక్ష ఒకటుంది. దాని పేరు హెచ్‌బిఎ1సి. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఆ కాలమంతా రక్తంలోని చక్కెర అందులోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటూనే ఉంటుంది. అందుకే ఈ పరీక్ష గడిచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది. 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహం కిందే లెక్క. రక్తహీనత ఉన్నవారిలో ఈ లెక్క తప్పవచ్చు గనుక ఆ సంగతి ముందే చెప్పాలి. అంతే తప్ప, రెండు రోజుల ఉపవాసానికి ఆ కణాలు మొహమాటపడవు.

మన దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారని భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన అధ్యయనం 2023లో తేల్చింది. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. అయినా చివాట్లు పడతాయేమోనన్న భయంతో అబద్ధమాడతాం. డాక్టరు మార్కులు వేసే మాస్టారు కాదు. అలాగని రోగిని అందరి ముందూ చివాట్లు పెట్టే డాక్టరూ, కంచం దగ్గర కాపలా కాసే ఇంటివారూ ఈ అబద్ధానికి కొంత కారకులే.

కాబట్టి పరీక్షకు ముందు రోజుల్లోనూ రోజూ తినేదే తిందాం. ఆ రాత్రి చెప్పినన్ని గంటలు మాత్రం పరగడుపుగా ఉందాం. పొద్దున మాత్ర వేసుకోవాలో వద్దో డాక్టరునే అడుగుదాం.

కిందటిసారి మేము ధైర్యం చేసి పెళ్ళిళ్ళ నెలలో ఎన్ని విందు భోజనాలు చేశామో పూర్తిగా లెక్క చెప్పాం. డాక్టరుగారు తిట్టలేదు. నవ్వి, మందు మార్చి రాశారు.