కొబ్బరికి లేని పన్ను.. కాయిన్లకు ఉంది!

నగరం (మామిడికుదురు): కొబ్బరి దింపు సొమ్ముకు ఆదాయపు పన్ను లేదు. అది వ్యవసాయ ఆదాయం కావడంతో కోనసీమలో ఎన్నో రైతు కుటుంబాలు తరాలుగా రిటర్ను అనే కాగితమే చూసి ఎరుగవు. అవే ఇళ్లలోని యువత సెల్‌ఫోన్‌ ద్వారా సంపాదించే టోకెన్లు, కాయిన్లు, లైవ్‌లో వీక్షకులు పంపే కానుకలు మాత్రం పన్ను పరిధిలోకి వస్తాయి. ఫోన్‌లో అన్నీ ఒకేలా కనిపించినా చట్టం దృష్టిలో ఒక్కోటి ఒక్కో రకం. చిక్కంతా ఇక్కడే ఉంది.

క్రిప్టో టోకెన్లు అమ్మితే లాభంపై 30 శాతం పన్ను. 2022 ఏప్రిల్‌ 1 నుంచి ఈ విధానం అమల్లో ఉంది. కొన్న ధర తప్ప మరే ఖర్చూ మినహాయించరు. ఒక టోకెన్‌పై రూ.10 వేలు లాభం, మరోదానిపై రూ.10 వేలు నష్టం వస్తే చేతికి మిగిలేది సున్నా. కట్టాల్సింది రూ.3 వేలు, ఆపై సెస్సు! రూ.12 లక్షల వరకు పన్ను ఉండదంటూ 2025 బడ్జెట్‌లో ప్రకటించిన రిబేటు సైతం ఈ ఆదాయానికి వర్తించదు. యాప్‌లు ఉచితంగా ఇచ్చే రివార్డు పాయింట్లను మాత్రం కేంద్రం ఈ జాబితా నుంచి తప్పించింది.

పందెం ఆటల గెలుపుపైనా 30 శాతమే. రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్‌ రమ్మీ, పోకర్‌లను నిషేధించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్‌ ఆటలన్నింటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అంతకుముందు గెలిచిన సొమ్ముపై పన్ను బాధ్యత మాత్రం రద్దు కాలేదు.

పల్లెల్లో ఎక్కువమందికి వర్తించేది మూడో రకం. గోదావరి లంకలు, పండగ వంటలు యూట్యూబ్‌లో చూపి పొందే ప్రకటనల సొమ్ము, లైవ్‌లో వచ్చే సూపర్‌ చాట్‌ వంటివి పనికి దక్కిన ప్రతిఫలమే తప్ప బంధువులిచ్చే కట్నాలు కావు. దీనికి సాధారణ శ్లాబులే వర్తిస్తాయి. కెమెరా, నెట్‌ ఖర్చులు తగ్గించుకోవచ్చు, రిబేటూ ఉంటుంది.

అయితే అమెరికాలోని ప్రవాసాంధ్రుల వీక్షణల ద్వారా వచ్చే ఆదాయంపై 2021 జూన్‌ నుంచి అక్కడి పన్ను కోత పడుతోంది. పన్ను వివరాలు సమర్పించి, ఇరుదేశాల ఒప్పందం కింద ప్రయోజనం కోరితే కోత 15 శాతం. అసలు వివరాలే ఇవ్వకుంటే ప్రపంచవ్యాప్త ఆదాయం మొత్తంపై 24 శాతం వరకు కోయవచ్చు. కోసిన సొమ్మును ఇక్కడి పన్నులో సర్దుబాటు చేసుకోవాలంటే రిటర్ను దాఖలు చేయాల్సిందే. ఇక్కడ కట్టాల్సిన పన్నే లేని చిన్న ఛానళ్లకు సర్దుబాటూ ఉండదు, ఆ 15 శాతం పోయినట్లే.