బొగ్గు పోయినట్టే ఎండ కూడా మన చేతిలోంచి పోవద్దు



అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఈ పోస్టు కొంచెం పొడుగుంటది. ఓపికగా చదివి మీ గూడెంలో పటేల్‌కు, పెద్దమనుషులకు కూడా చెప్పండి. కొన్ని రోజులుగా మన గ్రూపులో సోలార్ మోటార్ల మీద చర్చ నడుస్తున్నది. కొందరు "మంచిదే కదా, కరెంటు లైను కోసం ఇంకెన్నేండ్లు ఎదురు చూద్దాం" అంటున్నరు. ఇంకొందరు "ఇది లైను వేయకుండా తప్పించుకునే ఉపాయం" అంటున్నరు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. మేము కొందరం కూర్చొని చట్టం, లెక్కలు ముందు పెట్టుకొని మాట్లాడుకున్నం. మాకు అర్థమైంది రాస్తున్నం. తప్పుంటే కామెంట్లో చెప్పండి, సరిచేసుకుంటం.

ముందు దేశం లెక్క చూద్దాం. 2025 జూన్ 30 నాటికి మన దేశంలో విద్యుత్ స్థాపిత సామర్థ్యం సుమారు 485 గిగావాట్లు. అందులో సగం కంటే కొంచెం ఎక్కువ ఎండ, గాలి, నీళ్లు, అణు విద్యుత్ లాంటి వనరులదే. పారిస్ ఒప్పందం కింద 2030కి చేరుతామన్న లెక్కను ఐదేండ్ల ముందే చేరినమని కేంద్రం ప్రకటించింది. ఈ వార్త చూసి చాలామంది ఇక బొగ్గు పని అయిపోయిందనుకున్నరు. అట్ల కాదు. స్థాపిత సామర్థ్యం వేరు, నిజంగా తయారైన యూనిట్లు వేరు. దొడ్డిలో రెండు జతల ఎడ్లున్నయంటే రెండు జతలూ రోజంతా దున్నినట్టు కాదు గదా. సోలార్ రాత్రి పనిచేయదు, ముసురు పట్టిన రోజు సగం కూడా ఇవ్వదు. ఏడాది మొత్తం సగటు తీస్తే 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు 20 మెగావాట్లకు అటూ ఇటుగా నడిచినట్టు లెక్క. బొగ్గు యూనిటు దానికి మూడు నాలుగింతలు నడుస్తది. అందుకే యూనిట్ల లెక్క చూస్తే ఇప్పటికీ దేశంలో 70 శాతం పైన కరెంటు బొగ్గు నుంచే వస్తున్నది.

ఆ బొగ్గు ఎక్కడిదో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, ఖైరిగూడ పేర్లు వింటూ పెరిగినం. జైపూర్‌లో సింగరేణి 1,200 మెగావాట్ల థర్మల్ ప్లాంటు 2016లో మొదలైంది. గోదావరి అవతల రామగుండం ఎన్టీపీసీ 1983 నుంచి నడుస్తున్నది, పాత ప్లాంటు సామర్థ్యమే 2,600 మెగావాట్లు. దాని పక్కనే కట్టిన తెలంగాణ ప్రాజెక్టులో 800 మెగావాట్ల రెండో యూనిటును ప్రధానమంత్రి 2024 మార్చి 4న మన ఆదిలాబాద్ పట్టణానికే వచ్చి జాతికి అంకితం చేసిండ్రు. అదే రామగుండం రిజర్వాయరు నీళ్ల మీద దాదాపు 500 ఎకరాల్లో 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు 2022 జూలై నుంచి నడుస్తున్నది. సింగరేణి కూడా మందమర్రిలో, జైపూర్‌లో సోలార్ పెట్టింది. అంటే బొగ్గు పెరుగుతున్నది, సోలార్ కూడా పెరుగుతున్నది. రెండూ మన చుట్టుపక్కలే.

మా ప్రశ్న ఒక్కటే. బొగ్గు కాలంలో మనకు ఏం మిగిలింది? కొందరికి గనుల్లో నౌకరీలు వచ్చినయి, కాదనం. కానీ ఓపెన్‌కాస్టుల కింద ఊర్లు, చేన్లు పోయినయి. పెద్ద పెద్ద టవర్ల లైన్లు మన అడవుల మీదుంచి పోతయి, వాటి కిందున్న పోడు చేనుకు త్రీఫేజు లైను రాదు. కరెంటు తయారయ్యే చోట ఉన్నం, కరెంటు గురించి నిర్ణయం జరిగే చోట లేం. ఎండ కాలం కూడా ఇట్లనే గడిస్తే మన తర్వాతి పిల్లలు మనల్ని అడుగుతరు.

ఇప్పుడు సోలార్ మోటార్ల సంగతి. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి రాష్ట్రంలో లక్షా 51 వేల మందికి 4 లక్షల పైచిలుకు ఎకరాల పోడు పట్టాలు ఇచ్చిండ్రు. అంతకు ముందు ఇచ్చినవి వేరే ఉన్నయి. పట్టా చేతికొచ్చింది, నీళ్లు రాలేదు. 2025 మే 18న నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ముఖ్యమంత్రి ఇందిరా సౌర గిరి జల వికాసం పథకం ప్రారంభించిండ్రు. ఐదేండ్లలో 12,600 కోట్లతో 2 లక్షల 10 వేల మంది గిరిజన రైతులకు, 6 లక్షల ఎకరాల పోడు భూములకు సోలార్ పంపుసెట్లతో నీళ్లిస్తామన్నరు. భాగిస్తే ఒక్కో రైతుకు సగటున 6 లక్షల రూపాయలు. మన చరిత్రలో పోడు చేను మీద ఇంత డబ్బు పెడతామన్న మాట చిన్నది కాదు. అందుకే దీన్ని వద్దనడం తప్పు. అడగకుండా సంతకం పెట్టడం ఇంకా పెద్ద తప్పు.

పొలానికి సోలార్ బాగానే పనిచేస్తదని మా అభిప్రాయం. చేనుకు నీళ్లు ఎక్కువ కావాల్సింది ఎండ ఉన్నప్పుడే, మోటారు బాగా నడిచేది కూడా అప్పుడే. బ్యాటరీ అక్కర లేదు, బిల్లు లేదు, రాత్రిపూట కరెంటొచ్చిందని పాములు తిరిగే చేనుకు పోయే బాధ లేదు. వానమీద ఆధారపడి పత్తి ఒక్కటే వేసేవాళ్లు యాసంగిలో జొన్న, శనగ, కూరగాయలు వేసుకోవచ్చు. కానీ ఇల్లు, బడి, పిండిగిర్ని, టీకాలు పెట్టే ఫ్రిజ్జు వీటికి రాత్రింబగళ్లు కరెంటు కావాలి. దానికి లైనే కావాలి. మా ఊర్లలో కొన్నింటికి ఎప్పుడో సోలార్ లైట్లు ఇచ్చిండ్రు. బ్యాటరీ పోయినంక బాగుచేసే మనిషి రాలేదు. పలకలు ఇప్పుడు జొన్నలు ఆరబోసుకోను పనికొస్తున్నయి. అది మళ్లీ జరగొద్దు.

"అడవిలో లైను వేయడానికి చట్టం ఒప్పుకోదు" అని మనకు చెప్తరు. చట్టం తెరిచి చూద్దాం. అటవీ హక్కుల చట్టం 2006లో సెక్షన్ 3(2) ఉంది. అడవి భూమిలో ప్రభుత్వం కల్పించగల 13 సౌకర్యాల జాబితా అందులో ఉంది. బడి, అంగన్‌వాడీ, దవాఖాన, రోడ్డు, తాగునీటి పైపులు, చిన్న చెరువులతో పాటు కరెంటు, టెలిఫోన్ లైన్లు కూడా ఉన్నయి. సంప్రదాయేతర ఇంధన వనరులు అని సోలార్ లాంటివి కూడా విడిగా ఉన్నయి. ఒక్కో పనికి ఒక హెక్టారు కంటే తక్కువ భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టొద్దు, గ్రామసభ సిఫారసు ఉండాలి. ఇవీ షరతులు. కవ్వాల్ లోపలి గూడేలకు వన్యప్రాణి చట్టం మెలిక అదనంగా ఉంటది, అది నిజమే. కానీ సోలార్ ఇస్తే లైను ఇవ్వొద్దని చట్టంలో ఎక్కడా లేదు. రెండూ ఒకే జాబితాలో ఉన్నయి. రెండింటికీ తాళంచెవి గ్రామసభ తీర్మానమే.

ఇంక నీళ్ల మాట. గుట్టల మీద మన కొలాం గూడేల కింద రాయి. అక్కడ బోరు వేసి చుక్క రాకపోతే పైన సోలార్ పలక ఉండి ఏం లాభం? ముందు భూగర్భజలం చూడాలి, తర్వాతే బోరు. వాగు పక్కనున్న చేనుకు వాగు నుంచి, బావి ఉంటే బావి నుంచి మోటారు పెట్టాలి. ఖర్చు లేదని పొద్దంతా మోటారు నడిపితే నాలుగేండ్లలో బోర్లు ఎండిపోతయి. డ్రిప్పు, చెక్‌డ్యాం, పంటకుంట కలిసి రావాలి. ఇది అధికారులు చెప్పేదాకా ఆగకుండా మన ఊర్లో మనమే కట్టడి పెట్టుకోవాలి. రాయి సెంటర్లలో ఇంతకంటే కష్టమైన తగాదాలు తెంపుకున్న సమాజం మనది.

భూమి మాట కూడా ఇప్పుడే చెప్పుకోవాలి. 2025 జనవరిలో వచ్చిన రాష్ట్ర క్లీన్ అండ్ గ్రీన్ ఎనర్జీ పాలసీ 2030 నాటికి అదనంగా 20,000 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్ అంటున్నది. నేల మీద సోలార్ పెట్టాలంటే ఒక్క మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాలి. రేపు కంపెనీల చూపు సాగు లేని భూములని రాసిపెట్టిన మన భూముల మీద పడదని గ్యారంటీ ఏంది? ఏడాదికి ఎకరానికి ఇంత అని 25 ఏండ్ల కౌలు కాగితం తెస్తరు. గుర్తు పెట్టుకోండి, 1/70 చట్టం కింద ఏజెన్సీలో ఆదివాసేతరులకు భూమి అమ్మడమే కాదు, కౌలుకు ఇవ్వడం కూడా బదలాయింపే, చెల్లదు. 1997 సమతా తీర్పు మనకు అండగా ఉంది. సోలార్ పార్కులు కావాలంటే ముందు తవ్వి వదిలేసిన గని భూములు, మట్టి దిబ్బలు, రిజర్వాయర్ల నీళ్లు వాడుకోండి. రామగుండంలో నీళ్ల మీద పెట్టగలిగినోళ్లకు పోడు చేనే ఎందుకు కావాలి?

బొగ్గు రేపే ఆపమని మేము అనడం లేదు. మన బంధువులు కూడా గనుల్లో ఉన్నరు. కానీ ఎప్పటికైనా తగ్గుతది. బ్రిటన్ తన చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని 2024 సెప్టెంబరు 30న మూసేసింది. జర్మనీ 2038 లోపు మూసేస్తామని 2020లో చట్టం చేసి, బొగ్గు ప్రాంతాలకు 40 బిలియన్ యూరోల వరకు కేటాయించింది. మూసే ముందే ఆ ప్రాంతం మనుషుల సంగతి ఆలోచించిండ్రు. మన దగ్గర గనుల ప్రభావిత ప్రాంతాల కోసం జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధులు 2015 నుంచి ఉన్నయి. ఆ డబ్బుతో ఐటీఐల్లో మన పిల్లలకు సోలార్ పని నేర్పించమని అడుగుదాం. ప్లాంటు గేటు దగ్గర వాచ్‌మన్ నౌకరీ ఒక్కటే మనకు మిగలొద్దు.

అందుకే వచ్చే గ్రామసభలో ఐదు మాటలు తీర్మానంలో రాయించాలని కోరుతున్నం.

ఒకటి, సోలార్ మోటారు వచ్చినా లైను కోసం ఊరి దరఖాస్తు రద్దు కావొద్దు. రెండు, నీళ్లు పరీక్ష చేసినంకనే బోరు. మూడు, కనీసం ఐదేండ్లు రిపేరు బాధ్యత ఎవరిదో పేరు, ఫోన్ నంబరుతో కాగితం మీద ఉండాలి. నాలుగు, గూడేనికి ఒక్కరన్నా మన యువతీయువకులు రిపేరు పని నేర్చుకోవాలి. ఐదు, గ్రామసభ ఒప్పుకోకుండా సోలార్ పేరు మీద గుంట భూమి కూడా పోవద్దు.

తీర్మానం ఒక కాపీ ఉట్నూరు ఐటీడీఏకు, ఒకటి అటవీ శాఖకు, ఒకటి కరెంటు ఆఫీసుకు ఇచ్చి ముద్ర వేయించుకోండి. ముద్ర ఉన్న కాపీ ఫోటో ఈ గ్రూపులో పెట్టండి. ఎన్ని గూడేలవి వస్తయో అందరం కలిసి లెక్కపెడదాం.

జల్, జంగల్, జమీన్ అన్న కుమ్రం భీం మాటలో ఎండ లేదు. ఆయన కాలంలో ఎండను ఎవరూ గుంజుకోలేదు కాబట్టి అవసరం పడలేదు. మన కాలంలో దాన్ని కూడా కలుపుకొని అడగాల్సి వచ్చింది.

జై జంగో, జై లింగో. జై ఆదివాసీ.