మంచం ఎక్కితేనే బీమానా?

బరువు తగ్గించే సూది మందుల ముచ్చట ఈమధ్య మన క్యాంటీన్ దాకా వచ్చింది. ఎవరికి ఎన్ని కిలోలు తగ్గిందో చెప్పుకుంటున్నాం గానీ, ఆ ఖర్చు ఎవరు భరించాలన్న మాట ఎవరూ ఎత్తడం లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డాక్టరు జబ్బుగా గుర్తించి రాసిన మందుకు ఆరోగ్య బీమా డబ్బు కట్టాలి. పెళ్లిచూపుల కోసం సన్నబడాలనుకునేదానికి కట్టనక్కర్లేదు.

ముందు లెక్క చూద్దాం. 2025 మార్చిలో మౌంజారో మన దేశానికి వచ్చింది. వారానికి ఒక సూది. అప్పటి ధర ప్రకారం మొదటి మోతాదు సీసా 3,500 రూపాయలు, ఆ పై మోతాదు 4,375. అంటే నెలకు 14,000 నుంచి 17,500. అదే ఏడాది జూన్‌లో వెగోవీ వచ్చింది. అందులోని సెమాగ్లుటైడ్ మందు పేటెంట్ గడువు 2026 మార్చిలో తీరింది కాబట్టి మన కంపెనీలూ తయారుచేయవచ్చు, ధర దిగుతుంది. అయినా, పీసు లెక్కన జీన్స్ కుట్టే మన బళ్లారి ఆడవాళ్లకు నెలనెలా కొనే మందు ఏదైనా భారమే.

మరి బీమా ఏమంటుంది? 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, పాలసీల్లోని మినహాయింపులను అన్ని కంపెనీలకూ ఒకే మాటల్లో రాసి ఇచ్చింది. అందులో ఆరోది ఊబకాయం. బరువు తగ్గించే ఆపరేషన్‌కు కొన్ని షరతులతో డబ్బు వస్తుంది. వయసు 18 నిండాలి, డాక్టరు సలహా ఉండాలి, బీఎంఐ 40 అయినా ఉండాలి. లేదంటే 35 ఉండి, అదుపులోకి రాని షుగరో గుండె జబ్బో తోడవ్వాలి. 155 సెంటీమీటర్ల ఎత్తున్న అమ్మాయికి బీఎంఐ 40 అంటే సుమారు 96 కిలోలు, 35 అంటే 84 కిలోలు. మన దేశపు డాక్టర్లేమో 25 దగ్గరే, అంటే 60 కిలోలకే, ఊబకాయం కింద లెక్కిస్తారు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. 35 ఉన్నవాళ్లు ఆపరేషన్ కన్నా తేలికైన పద్ధతులన్నీ ముందు వాడి, అవి పనిచేయలేదని చూపించాలి. ఆ తేలికైన పద్ధతులు ఏవి? డాక్టరు, పరీక్షలు, ఆహార సలహా, మందులు. మామూలు పాలసీలో వీటికి పైసా రాదు, ఎందుకంటే ఆస్పత్రిలో చేరలేదు కదా! మా పిన్ని షుగరుకు, బరువుకు కలిపి మందు రాయించుకొని పాలసీ కాగితం పట్టుకెళ్తే, "అడ్మిట్ అయితే చూద్దాంలేమ్మా" అన్నారంట. చేతులు కాలే దాకా ఆగి, ఆ తర్వాత ఆకులిస్తామన్నట్టుంది ఇది. ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటకలో పేద కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు ఉన్నాయి. అవీ ఆస్పత్రి చికిత్సలకే.

"తిండి అదుపులో పెట్టుకోలేక లావైతే దానికి బీమా ఎందుకు?" అని కొందరు అంటారు. బీడీలు తాగి గుండె జబ్బు తెచ్చుకున్న మామకు స్టెంట్ వేస్తే పథకం డబ్బు కడుతుంది. "నీకు అదుపు లేదా?" అని ఆయన్ని ఎవరూ అడగరు. థైరాయిడ్, పీసీఓడీ ఉండి ఒళ్లు చేసిన ఆడపిల్లను మాత్రం అందరూ అడుగుతారు.

బీమా వాళ్ల భయంలో కొంత నిజం లేకపోలేదు. మందు ఆపితే బరువు తిరిగొస్తుంది. సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు మళ్లీ పెరిగిందని పరిశోధనలో తేలింది. అంటే ఏళ్ల తరబడి ఖర్చు. అందరికీ ఇస్తే ప్రీమియం అందరికీ పెరుగుతుంది. అందుకే ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్యంలో 2025 జూన్ నుంచి మౌంజారోను ముందుగా బరువు బాగా ఎక్కువై, దానితో పాటు నాలుగు జబ్బులున్న వాళ్లకు ఇవ్వడం మొదలుపెట్టారు. అవసరం ఎక్కువున్నవాళ్లు ముందు, మిగతావాళ్లు తర్వాత. ఆ వరస మనకూ పెట్టుకోవచ్చు. మొదట డాక్టరు ఫీజు, పరీక్షలు, ఆహార సలహా బీమాలోకి రావాలి. తర్వాత షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు మందు రావాలి.

మన హాస్టల్ అక్కచెల్లెళ్లకు ఒక మాట. ఇది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందు. వాంతులు, వికారం మామూలు, గర్భిణులు వాడకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 30.1 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు, 47.8 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం లేని ఒంటికి ఆకలి చంపే సూది వేసుకుంటే ఏమవుతుందో ఆలోచించండి.

చివరిగా, తెలుగు శాఖ వాళ్లం కాబట్టి మనం చేయగల పని ఒకటుంది. ఈ సెలవులకు ఇంటికెళ్లినప్పుడు పాలసీ కాగితం బయటికి తీయండి. అది ఇంగ్లీషులో ఉంటుంది, చాలా ఇళ్లలో ఎవరూ చదివి ఉండరు. అందులో మినహాయింపుల పేజీ తీసి, అమ్మకు తెలుగులో చదివి చెప్పండి. ఏది రాదో తెలిస్తేనే కదా, ఏది కావాలో అడగగలం.