గచ్చు చేసేస్తే గొడవ వదలదు

ఇల్లు పూర్తికాగానే మిగిలిన ఖాళీ జాగా గురించి మేస్త్రీ అనేది, చుట్టాలు అనేది, ఇరుగుపొరుగు అనేది ఒకటే మాట: "గచ్చు చేయించెయ్యండి, గొడవ వదిలిపోతుంది." చుట్టూ పేవర్ బ్లాకులు పరిచి, గేటు పక్కన నాలుగు కుండీలు పెట్టి దాన్నే ల్యాండ్‌స్కేపింగ్ అంటున్నారు. ఈ సలహా తప్పు. ఇంటికీ చేటే, వీధికీ చేటే.

లెక్క వేసి చూడండి. రెండు వందల గజాల్లో ఇల్లు పోను ఎనభై గజాలు మిగిలాయనుకుందాం. అంటే సుమారు 67 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. హైదరాబాద్‌లో ఏటా కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లు. ఆ కాస్త జాగాలోనే 53 వేల లీటర్లు! సగం ఇంకినా ఐదు ట్యాంకర్ల పైమాటే. వాటిని రోడ్డు మీదికి తోసేసి, ఏప్రిల్‌లో బోరు ఎండిందని ట్యాంకరుకు ఫోన్ చేస్తున్నాం. ఇంకుడు గుంత ఉంది కదా అంటారు. చాలా ఇళ్లలో గుంత ఓ మూల ఉంటుంది, గచ్చు వాలు మాత్రం గేటు వైపు ఉంటుంది. గుంతలోకి చుక్క చేరదు.

మట్టి ఉంటే దోమలొస్తాయని, పాములొస్తాయని భయం. డెంగీ దోమ గుడ్లు పెట్టేది నిలవ నీటిలో: కుండీ కింది పళ్లెంలో, కూలర్‌లో, మూత సరిగా పడని సంపులో. నీరు ఇంకిపోయే నేలలో కాదు. పాము ఎలుకల కోసం, కప్పల కోసం వస్తుంది, పాత చెక్కలూ ఇటుకలూ పోగేసిన మూలన దాక్కుంటుంది. ఖాళీ చేయాల్సింది ఆ మూలని.

గచ్చు వద్దనుకున్నవాళ్లు లాన్ మీద పడుతున్నారు. మన ఎండల్లో అది చదరపు మీటరుకు రోజూ నాలుగైదు లీటర్లు తాగుతుంది. నీటి ఎద్దడి ఉన్న ఊళ్లో దాన్ని పెంచడం నా దృష్టిలో అన్యాయం.

తోట పని మనమే చేసుకోవచ్చు, కాంట్రాక్టరు అక్కర్లేదు. అయితే నర్సరీకి వెళ్లడం ఆఖరి పని. ముందు గడ్డపార పట్టండి. కొత్త ఇళ్ల చుట్టూ అడుగున్నర తవ్వితే తరచూ కనిపించేది ఇదీ: పైన బెత్తెడు ఎర్రమట్టి, దాని కింద ఇటుక ముక్కలు, టైల్స్ పెంకులు, గడ్డకట్టిన సిమెంటు. అలాంటి నేలలో క్షారగుణం పెరిగి మొక్కకు ఇనుము అందదు. మందారం లేతాకుల్లో ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలి, తక్కినదంతా పసుపు తిరుగుతుంది. మనం కడియం నర్సరీల నుంచి వచ్చిన మొక్కే మంచిది కాదనుకుంటాం. ఆ చెత్త ఏరేసి, మాగిన పశువుల ఎరువు కలపండి. కలిపేముందు అదే గుంతలో నీళ్లు పోసి, ఇంకాక మళ్లీ నింపి చూడండి. గంటలో పోతే మొరం నేల, మంచిదే. మర్నాటికీ నిలిచి ఉంటే నల్లరేగడి కావచ్చు. అది తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది, గోడలు బీటలిస్తాయి. ఇంకుడు గుంతను పునాదికి ఎంత దూరం జరిపితే అంత మంచిది.

ఇక ఒక పెద్దవాన కోసం ఆగండి. నీరు ఎటు పారుతోందో గొడుగు వేసుకుని చూడండి, వెలిశాక సున్నంతో గీతలు గీయండి. దారీ మొక్కలూ ఆ గీతలను బట్టే. నడిచే మేరకు తాండూరు బండలు చాలు, అవీ సిమెంటు లేకుండా ఇసుక మీద. సందుల్లో గరిక దానంతటదే పడుతుంది. కారు చక్రాలకు రెండు పట్టీలు వదిలితే సరిపోతుంది. పడమటి ఎండకు అడ్డంగా మునగో పారిజాతమో వేయండి. నీరు చేరే పల్లంలో అరటి.

ఇప్పటికే గచ్చు చేయించినవాళ్లు ప్రహరీ వెంట రెండడుగుల వెడల్పున పగలగొట్టించి, డాబా మీది వాన నీటి గొట్టాన్ని అటు తిప్పుకోండి. ఈ వానాకాలానికే అందుతుంది.